నీళ్ళు ఎక్కడ పోయమంటారు?

రైలు రేగెన్స్‌బర్గ్ దాటి చాలాసేపయింది. రోస్వీట ఇంకా ఒంటి మీది కోటు విప్పలేదు.

ఎదుటి సీట్లో ఆమె భర్త గేరోల్ట్ మోకాళ్ళ మీద కాగితం రుమాలు పరిచి, పొద్దున బస చేసినచోట టిఫిన్ బల్ల మీంచి ఎవరూ చూడకుండా చుట్టి తెచ్చిన రొట్టె విప్పుతున్నాడు. మధ్యలో వెన్న, చీజు ముక్క. పెళ్ళయిన కొత్తలో ఊళ్ళు తిరిగినప్పుడూ ఇదే పని చేసేవాడు. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ షికారుకి బయల్దేరి వారం కాలేదు, పాత బుద్ధి అప్పుడే తిరిగొచ్చింది.

"కొంచెం తిను," అన్నాడు. "పొద్దున్నించి కాఫీ తప్ప ఏమీ పడలేదు నీ కడుపులో."

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. డాన్యూబ్ ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి చెట్ల వెనక్కి పోతోంది.

"పస్సావ్‌లో మూడు నదులు కలుస్తాయట. మూడూ మూడు రంగుల్లో..."

"గేరోల్ట్."

"ఆఁ."

"నోరు మూసుకో."

మూసుకున్నాడు. రొట్టెని మళ్ళీ రుమాల్లో చుట్టి పక్కన పెట్టాడు. నెమ్మదస్తుడు. ఇంట్లో గొడవ వస్తే గొంతు పెంచే రకం కాదు, సైకిలు బాగుచేసుకోవాలంటూ షెడ్డులోకి జారుకునే రకం. రైల్లో షెడ్డు ఉండదు కదా, పాపం, ఎక్కడికి జారుకుంటాడు?

పొద్దున ఫోన్ వచ్చేసరికి అతను ఉడకబెట్టిన గుడ్డు తింటున్నాడు, ఆమె కాఫీ తాగుతోంది. చేసింది పక్కింటి ఎల్ఫ్రీడ. ఊరెళ్ళేవాళ్ళు కిటికీలో మొక్కలకీ, తమవాళ్ళ సమాధికీ నీళ్ళు పొయ్యమని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వెళ్ళడం ఇక్కడ అందరూ చేసే పనే. రోస్వీట ఆవిడకి ఇంటి తాళంచెవితో పాటు ఆకుపచ్చ నీళ్ళడబ్బా కూడా ఇచ్చి వచ్చింది.

"రోస్వీట గారూ, ఏమీ అనుకోకండి. నేనే దారి తప్పి ఇంకోచోటికి వచ్చానేమో," అంది ఎల్ఫ్రీడ. ఆవిడ మాటల వెనక గాలి హోరుమంటోంది. "కుళాయి పక్క చిన్న గేటేగా మీరన్నది? అక్కడే ఉన్నాను. పిల్లల సమాధుల వరసేదీ కనబడదే! మొత్తం చదును చేసి గడ్డివిత్తనాలు చల్లారు. చుట్టూ తాడు కట్టేశారు. నిండు డబ్బా పట్టుకుని వెర్రిదాన్లా నిలబడ్డాను. నీళ్ళు ఎక్కడ పోయమంటారు?"

ఆ గొంతు బల్ల అవతలికీ వినబడింది. రోస్వీట తలెత్తి భర్త మొహం చూసింది. ఆశ్చర్యపోవాల్సిన మొహం ఆశ్చర్యపోలేదు. అతను చెంచా మెల్లగా పళ్ళెంలో పెట్టాడు. అంతే, ఆమెకి తెలిసిపోయింది.

చనిపోయినవాళ్ళకి కూడా ఇక్కడ గడువుంటుంది, సమాధి చోటు ఇన్నేళ్ళకని లెక్కగట్టి ఇస్తారు. గడువు తీరితే డబ్బు కట్టి సొంత చోటు తీసుకున్నవాళ్ళు పొడిగించుకుంటారు. వరసలో ఇచ్చిన సమాధులకి ఆ వీలు లేదు, వరస మొత్తం ఒకేసారి తీసేస్తారు. తమ ఆర్నెది ఏ రకమో రోస్వీట ఎన్నడూ అడగలేదు. ఆరేళ్ళ కొడుకు నాలుగురోజుల జ్వరంలో పోయినప్పుడు అలాంటివి అడిగే స్థితిలో లేదు. ఆ తర్వాత, గడువు వచ్చినప్పుడు గేరోల్ట్ చూసుకుంటాడులే అనుకుంది. చూసుకున్నాడు మరి! అన్ని ఏర్పాట్లూ చేశాడు, టికెట్లు కొన్నాడు, ఏ ఊళ్ళో ఎక్కడ దిగాలో చూశాడు. పక్కింటావిడ నీళ్ళడబ్బా ఒక్కటి మరిచిపోయాడు.

"ఎప్పుడు తీశారు?" అంది రోస్వీట, కిటికీ మీంచి చూపు తిప్పకుండా.

"రోస్వీటా, ఇప్పుడు వద్దు..."

"ఏ రోజు అని అడుగుతున్నాను."

"మంగళవారం."

"మంగళవారం మనం ఎక్కడున్నాం?"

అతను రొట్టె చుట్టిన రుమాలు అంచులు సర్దాడు.

"నేను చెబుతాను. బాంబర్గ్‌లో ఉన్నాం, పెద్ద చర్చిలో. నువ్వు కొవ్వొత్తి వెలిగించావు. మన ఇంటా వంటా లేదు కదా, ఎప్పుడు క్యాథలిక్కువయ్యావు అని నవ్వాను నేను. పక్కనున్న ముసలావిడ కూడా నవ్వింది. నువ్వూ నవ్వావు. నవ్వావా లేదా?"

"నవ్వాను."

"అక్కడ నా బిడ్డని తవ్వి పోస్తుంటే ఇక్కడ నన్ను నవ్వించావు."

"తవ్వరు," అన్నాడు గేరోల్ట్ గబగబా. ఈ ఒక్క మాట చెప్పడం కోసమే పొద్దున్నించి ఎదురుచూస్తున్నట్టుంది. "వాడి జోలికి పోరు రోస్వీటా. నేను అడిగి తెలుసుకున్నాను. రాయి తీస్తారు, చుట్టూ అంచు తీస్తారు, పైన మట్టి చదును చేస్తారు. వాడు అక్కడే ఉన్నాడు."

"పేరు లేకుండా."

"ఉన్నాడు కదా."

"వాడు అక్కడే ఉంటే, వాడి మీద ఎవర్ని పెడతారు?"

గేరోల్ట్ పెదాలు తడుపుకున్నాడు. "ఇప్పట్లో ఎవర్నీ పెట్టరు. గడ్డి పెంచుతారు."

"ఇప్పట్లో!"

"మెల్లగా. జనం వింటున్నారు."

"విననీ! నలుగురూ వినాలి. ఏమండీ," అని పక్క వరసలో పేపరు చదువుతున్న పెద్దమనిషి వైపు తిరిగింది. "మా ఆయన నాకు ఊళ్ళు చూపిస్తున్నాడు. మా అబ్బాయి సమాధి పీకించి మరీ చూపిస్తున్నాడు. ఎంత ప్రేమో చూశారా?"

పెద్దమనిషి పేపరు ఇంకాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు. గేరోల్ట్ చెవులు కందిపోయాయి.

స్ట్రావ్‌బింగ్‌లో రైలు ఆగింది. జనం ఎక్కుతుంటే రోస్వీట తన పక్క సీట్లో ఉన్న చేతిసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. చోటు ఇస్తోందనుకుని ఒకావిడ ఆయాసపడుతూ దగ్గరికొచ్చింది.

"ఇక్కడ ఎవరూ లేరు కదా అండీ?"

"ఉన్నారు," అంది రోస్వీట.

ఆవిడ ఖాళీ సీటు వైపోసారి, రోస్వీట వైపోసారి చూసి ముందుకి సాగిపోయింది. భార్య అబద్ధం చెప్పి ఉంటే గేరోల్ట్‌కి భయం వేసేది కాదు. ఆమె అబద్ధం చెప్పినట్టు లేదు.

"రోస్వీటా, అక్కడ ఎవరున్నారు?"

"ఇన్నాళ్ళూ వాడికో చోటుంది. అమ్మ శనివారం వస్తుందని తెలుసు వాడికి. ఎక్కడికీ పోకుండా అక్కడే పడున్నాడు. నువ్వు ఖాళీ చేయించావు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఎక్కడికి పోతాడు మరి? ఆరేళ్ళవాడు. అమ్మ ఎక్కడుంటే అక్కడికే వస్తాడు. పొద్దున్నించి నా పక్కనే ఉన్నాడు. ఇందాక నువ్వు ఆ రొట్టె వాడికి అడ్డంగా చాపావు."

గేరోల్ట్‌కి ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే ఆ సీట్లో వాడున్నట్టు ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డాడు. అయినా అక్కణ్ణించి పస్సావ్ దాకా ఆ సీటు వైపు కాలు చాపలేకపోయాడు.

* * *

పస్సావ్‌లో దిగారు. దిగాలని ఇద్దరూ అనుకోలేదు, టికెట్టు అక్కడిదాకానే ఉంది కాబట్టి దిగారు. సామాను స్టేషన్లో పెట్టి, తర్వాతి రైలుకి వ్యవధి ఉందని ఊళ్ళోకి నడిచారు. ఆమె ముందు, పది అడుగుల వెనక అతను. చూసేవాళ్ళు ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళని అనుకోరు.

నది ఒడ్డున పాత టౌన్‌హాలు గోడ దగ్గర రోస్వీట ఆగింది. ఏ ఏడు వరద ఎంత ఎత్తున వచ్చిందో ఆ గోడ మీద గీతలు గీసి పక్కన సంవత్సరాలు రాశారు. కొన్ని గీతలు ఆమె మోకాలి దగ్గర ఉన్నాయి, కొన్ని తలకన్నా చాలా ఎత్తున ఉన్నాయి. ఐస్‌క్రీములు తింటూ యాత్రికులు ఆ గీతల పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు.

"చూశావా?" అంది. గేరోల్ట్ దగ్గరికొచ్చాడని వెనక్కి తిరగకుండానే తెలిసింది. "ఒక పూట వచ్చి పోయిన నీళ్ళకి గుర్తు పెట్టుకున్నారు ఈ ఊరివాళ్ళు. ఊరు ముంచి పోయిన నీళ్ళకి! వాడు ఎవర్ని ముంచాడు?"

"అలా మాట్లాడకు."

"ఎలా మాట్లాడను? అసలు వరసలో ఎందుకు పెట్టించావు వాణ్ణి? సొంత చోటు అడిగుంటే పొడిగించేవాళ్ళు కదా. అప్పుడు మన దగ్గర డబ్బు లేకపోయిందా? ఉందే!"

అతను గోడకి ఆనుకున్నాడు. ఈ ప్రశ్న ఎప్పుడో ఒకరోజు వస్తుందని పాతికేళ్ళుగా తెలుసు.

"శ్మశానం ఆఫీసులో ఇద్దరున్నారు. ఏ చోటు కావాలన్నారు. సొంత చోట్లన్నీ పెద్దవాళ్ళ మధ్యన ఉన్నాయి. అటో ముసలాయన, ఇటో ముసలావిడ. పిల్లలకైతే విడిగా ఓ వరస ఉంది, అందరూ ఆ ఈడువాళ్ళే అన్నారు. వాడికి ఒక్కడూ పడుకోవడం భయం కదా రోస్వీటా. దీపం ఆర్పనిచ్చేవాడు కాదు. తోటి పిల్లల్లో ఉంటే బాగుంటుందనిపించింది. అంతే. పొడిగించడం, గడువు, ఇవేవీ నా బుర్రకెక్కలేదు ఆ రోజు."

రోస్వీట కోపం ఆ మాటకి ఒక్క క్షణం తడబడింది. దీపం సంగతి ఆమె మరిచిపోయింది. తను మరిచిపోయినది అతనికి గుర్తుండటం ఆమెకి ఇంకో దెబ్బలా తగిలింది.

"సరే. అప్పుడు తెలీదు. ఈ ఏడు తెలిసింది కదా? రాయి మీద చీటీ అంటిస్తారుగా, గడువు తీరబోతోందని?"

"అంటించారు."

"నేను చూళ్ళేదే."

"నేను పీకేశాను. వరస తీసేస్తున్నామన్న బోర్డు పెద్ద గేటు దగ్గర పెట్టారు. నువ్వు కుళాయి వైపు నించి వెళ్తావు."

"పీకేశాడట! పీకడానికి వెళ్ళావన్నమాట. ఎన్నేళ్ళు పిలిచాను నిన్ను, శనివారం నాతో రమ్మని. ఒక్కనాడు వచ్చావా? సైకిలు చెయిన్ ఊడిందనేవాడివి, తలనొప్పి అనేవాడివి. చీటీ పీకడానికి మాత్రం కాళ్ళు వచ్చాయి."

"నేను శుక్రవారం వెళ్ళేవాణ్ణి."

"ఏమిటి?"

"నువ్వు శనివారం, నేను శుక్రవారం. పని దిగి ఇంటికి వచ్చే దారిలో. అన్నేళ్ళూ." గేరోల్ట్ బూట్ల వైపు చూసుకుంటున్నాడు. "చీటీ పీకింది ఒక్కసారే."

ఆమె చెయ్యి గోడ మీద ఒక గీతని పట్టుకుంది. శనివారం వెళ్తే ఒక్కోసారి మట్టి తడిగా ఉండేది, వాన పడిందేమో అనుకునేది. ఇప్పుడు ఆ తడి ఎవరిదో తెలిసి ఏం లాభం? ముందే చెప్పి ఉంటే ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్ళు. ఈ మనిషి ఏడుపు కూడా దాచుకుని తిన్నాడు.

"అంత ప్రేమ ఉన్నవాడివి మార్పించలేకపోయావా?" అంది. "మా నాన్న సమాధి ఉంది, ఇంకా గడువుంది. అర్జీ పెట్టుకుంటే మార్చనిస్తారు. మన ఊళ్ళో హోల్స్ట్ వాళ్ళు మార్పించుకోలేదూ, వాళ్ళ అమ్మాయిని? తాతయ్య పక్కన పడుకుని ఉండేవాడు కదా వాడు."

గేరోల్ట్ గోడ మీది సంవత్సరాలు చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"అడిగావా అసలు?"

నది మీద పడవ ఒకటి కూత పెట్టింది. అతను అటు తిరిగాడు.

"గేరోల్ట్, నేను గోడతో మాట్లాడటం లేదు. ఎందుకు మార్పించలేదు?"

"ఏదో... కుదర్లేదు."

"ఎవరు కుదరనివ్వలేదు?"

ఇందాక రొట్టె గురించీ, నదుల గురించీ, బోర్డు గురించీ చెప్పినవాడు ఈ ఒక్కదానికి నోరు విప్పడేం? రోస్వీటకి తోచిన కారణం ఒకటే.

"నీకే ఇష్టం లేదు. వాడి పీడ వదిలించుకోవాలని చూశావు."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏదో చెప్పబోయి, మింగేశాడు.

"అలాగే అనుకో," అన్నాడు.

"అలాగే అనుకుంటాను. నేను ఇంటికి వెళ్ళిపోతున్నాను. ఆ తాడు దాటి వెళ్ళి ఆ గడ్డిలో కూచుంటాను. ఎవడు లేపుతాడో చూస్తాను."

"నేనూ వస్తాను."

"వద్దు. నువ్వు సాల్జ్‌బర్గ్ వెళ్ళు. కోట ఉందన్నావుగా, తోటలున్నాయన్నావుగా. చూసిరా. చర్చి కూడా ఉండే ఉంటుంది, ఇంకో కొవ్వొత్తి వెలిగించు."

* * *

స్టేషన్లో ఆమె పెట్టె రైల్లోకి ఎక్కించింది అతనే. తిట్టినా కొట్టినా పెట్టె మోసేది అతనే, అది ఇద్దరికీ అలవాటు. ఎక్కించి కిందికి దిగాడు గాని తలుపు దగ్గర్నించి కదలలేదు.

"రోస్వీటా, ఒక్క మాట విను. వుర్జ్‌బర్గ్‌లో దిగకు."

వుర్జ్‌బర్గ్‌లో ఉండేది వాళ్ళ కూతురు స్వేన్యా. ఆర్నె పోయినప్పుడు నాలుగేళ్ళ పిల్ల. ఇప్పుడు ఉద్యోగం, సొంత కాపురం, తన లోకం తనది. క్రిస్మస్ తర్వాత పుట్టింటికి రాలేదు. ఫోన్లో మొహం చూపించవే అంటే కెమెరా పాడయిందనేది. ఇల్లు చేరాలంటే రైలు ఆ ఊరి మీదుగానే పోవాలి.

"దిగకుండా ఎందుకుంటాను? నాకింక మిగిలింది అదొక్కతే."

"నేరుగా ఇంటికెళ్ళు. నేను రేపొస్తాను. అన్నీ కూచుని మాట్లాడుకుందాం. దాని దగ్గరికి మాత్రం ఇవాళ వెళ్ళకు, నీకు దణ్ణం పెడతాను."

"కొడుకుని తీశావు. ఇప్పుడు కూతుర్ని కూడా తీసేద్దామనా?"

గేరోల్ట్ నోరు తెరిచాడు. తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి అతని పెదాలు కదలడం కనిపించింది, మాట వినపడలేదు. రోస్వీట చెయ్యి ఊపలేదు.

సీట్లో కూర్చున్నాక పక్క సీటు ఖాళీగా అట్టేపెట్టి, కిటికీ తెర కొంచెం కిందికి లాగింది. ఎండ ఆ సీటు మీద పడుతోంది. వాడికి ఎండ పడేది కాదు, మెడంతా చెమటకాయలు పేలేవి. ఇలాంటివన్నీ వరసగా గుర్తొస్తుంటే ఆమెకి భయమూ వేసింది, హాయిగానూ ఉంది. వాడు ఇంత దగ్గరగా ఎన్నడూ లేడు. రాయి ఉన్నన్నాళ్ళూ రాయిని చూసింది. ఇప్పుడు చెయ్యి చాపితే తగిలేలా ఉన్నాడు. ఆమె చెయ్యి చాపలేదు, తగలకపోతే ఏం చెయ్యాలో తెలియక.

న్యూరెంబర్గ్ దాటాక కూతురికి ఫోన్ చేసింది.

"అమ్మా," అంది స్వేన్యా, మొదటి గంటకే ఎత్తి. "ఎక్కడిదాకా వచ్చావు?"

"నేనొస్తున్నానని నీకెలా తెలుసు?"

"నాన్న చేశాడు."

"ఏమని ఏడ్చాడు?"

"నిన్ను స్టేషన్లో కలవొద్దన్నాడు. ఏమీ చెప్పొద్దన్నాడు."

"ఏం చెప్పొద్దన్నాడు?"

అటువైపు నించి ఊపిరి వినబడింది, మాట రాలేదు. తండ్రి మౌనం, కూతురి మౌనం ఒకే గుడ్డలో చించినట్టున్నాయని రోస్వీటకి ఇప్పుడు తోచింది.

"స్వేన్యా, మీ నాన్న ఏం చేశాడో తెలుసా నీకు? ఆర్నె సమాధి..."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"అమ్మా, కూచునే ఉన్నావా?"

"రైల్లో కూచోక నాట్యం చేస్తానా? చెప్పు."

"నాన్న మార్పిద్దామనే అన్నాడు. ఈస్టరప్పుడు ఒక్కడే మా ఇంటికొచ్చాడు. తాతయ్య పక్కకి మార్పిద్దాం, అమ్మ తట్టుకోలేదు అన్నాడు. మా వంటింట్లో కూచుని ఏడ్చాడు. నాన్న ఏడవడం అదే చూడటం నేను. నేను వద్దన్నాను."

"నువ్వా?"

"నేనే. మార్పిస్తే మళ్ళీ ఇంటి గడప తొక్కనన్నాను. అమ్మ కళ్ళెదుట తీస్తే చూళ్ళేదు, షికారు తీసుకెళ్ళు, తిరిగొచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం అన్నాను. ఏ రోజు ఏ ఊళ్ళో ఉండాలో కూడా నేనే చెప్పాను. బాంబర్గ్ నేనే అన్నాను, నీకు పాత చర్చిలు ఇష్టమని."

రోస్వీట చేతిలో ఫోన్ బరువెక్కింది. టౌన్‌హాలు గోడ దగ్గర నెత్తురు చుక్క లేని ఆ మొహం ఆమె కళ్ళ ముందుకొచ్చింది. అలాగే అనుకో అన్నాడు. అలాగే అనుకుంది.

"మీ నాన్న నీ పేరు చెప్పలేదు," అంది చివరికి.

"చెప్పడు. చెప్పడని నాకు తెలుసు."

"వాడు నీకేం చేశాడే? నీ తోడబుట్టినవాడు!"

"నాకు వాడి మొహం గుర్తులేదమ్మా. వాడి రాయి గుర్తుంది. దాని మీద పాచి ఎలా గీకాలో గుర్తుంది. నాకో చిన్న డబ్బా కొనిచ్చావు, ఎర్రది. నా తోటివాళ్ళు ఈతకి పోతుంటే నేను కుళాయి దగ్గర్నించి వాడికి నీళ్ళు మోసేదాన్ని."

"నేను రమ్మన్లేదు. నువ్వే వస్తానని ఏడ్చేదానివి."

"ఏడ్చేదాన్నే! అక్కడైతేనే నువ్వు నాతో మాట్లాడేదానివి."

రోస్వీట ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"ఇంట్లో అన్నం పెట్టేదానివి, జడ వేసేదానివి, మాట్లాడేదానివి కాదు. ఆ రాయి ముందు కూచుంటే మాత్రం ఎన్ని కబుర్లో. వాడితో చెబుతున్నావని నాకు తెలుసు. మధ్యమధ్యలో నావైపు చూసేదానివి, అది చాల్లే అనుకునేదాన్ని." స్వేన్యా ముక్కు ఎగబీల్చింది. "ఇంకో పాతికేళ్ళు నా వల్ల కాదమ్మా. నీ తర్వాత ఆ డబ్బా నా చేతికొస్తుంది. నా తర్వాత..."

"నీ తర్వాత ఏమిటి?"

"వుర్జ్‌బర్గ్‌లో దిగు. నాన్న వద్దన్నా సరే, నేను స్టేషన్‌కి వస్తున్నాను. ఎంత తిట్టాలో అంతా తిట్టు, కొట్టు కావాలంటే. కానీ దిగమ్మా."

ఫోన్ ఆగిపోయింది. రోస్వీట పక్కకి తిరిగి చూడలేదు. ఇప్పటిదాకా ఆ సీట్లో ఉన్నవాడి మీద కూడా మొదటిసారి ఆమెకి ఏదో చిరాకు పుట్టింది. వెంటనే సిగ్గేసింది.

కొండ మీది ద్రాక్షతోటలు కనబడగానే లేచి నిలబడింది. పెట్టె దింపుకుంది. కూతుర్ని చూడగానే చెంప పగలగొట్టాలనుకుంది, ఆ తర్వాత కావలించుకోవాలనుకుంది. పెట్టె ఈడ్చుకుంటూ తలుపు దాకా వెళ్ళింది. ముందున్నవాళ్ళు దిగారు. ఆమె వంతు వచ్చింది.

అప్పుడు స్వేన్యా కనబడింది. ప్లాట్‌ఫారం మీద ఒక్కో బోగీలోకీ చూసుకుంటూ వస్తోంది, నీలం గౌనులో, వెనక్కి వాలి నడుస్తూ. ఏడో నెలో ఎనిమిదో నెలో. అంత పొట్టని ఏ తల్లీ ఇంకొకటి అనుకోదు.

రోస్వీటకి అంతా అర్థమైంది. కెమెరా ఎందుకు పాడయిందో, క్రిస్మస్ తర్వాత ఎందుకు రాలేదో, నా తర్వాత అని ఎక్కడ ఆగిందో. అర్థమవుతున్నకొద్దీ సంతోషం రావాలి. వచ్చింది ఇంకొకటి. పుట్టబోయేదానికి చోటు కావాలని పోయినవాణ్ణి ఖాళీ చేయించారన్నమాట, అనుకుంది. ఎంత పాపిష్టి మాటో అనుకుంటున్నప్పుడే తెలుసు. అయినా ఆ మాట పూర్తయ్యేదాకా ఆమె కాలు మెట్టు మీదికి కదల్లేదు. ఎవరో ఈల వేశారు.

రైలు కదిలాక గాని తను దిగలేదని ఆమెకి తెలియలేదు.

స్వేన్యా అప్పుడే తల్లిని చూసింది. చెయ్యి ఎత్తింది, పిలిచింది, అద్దం పక్కనే రెండడుగులు వేసింది. పరిగెత్తలేదు, పరిగెత్తే స్థితిలో లేదు. రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని అక్కడే ఆగిపోయింది.